ఇంకొకరి భారం

దేవుణ్ణి నమ్మినవాళ్ళకి ఇన్సూరెన్స్ ఎందుకన్న ప్రశ్న నాకు కొత్త కాదు. రాజమండ్రిలో ఒక జనరల్ ఇన్సూరెన్స్ ఆఫీసులో క్లెయిములు చూస్తూ రిటైరయ్యాను, ఉద్యోగం చేసినన్నాళ్ళూ ఈ మాట వింటూనే ఉన్నాను. అయితే కోరుకొండలో, నరసింహస్వామి కొండ ఎదురుగా కనిపిస్తుండగా, మా వీధి ఆచార్యులుగారు అడిగినప్పుడు ఆ ప్రశ్న బరువు వేరుగా తోచింది. ఆయన వేళాకోళానికి అడగలేదు. రోజూ శరణాగతి గద్యం చదువుకునే మనిషి. అందుకే ఆయనకి చెప్పిన జవాబు, చెబుతుండగా నాకే కొత్తగా తట్టిన సంగతులు ఇక్కడ రాస్తున్నాను.

మా అత్తవారి మేడ కొండకి దగ్గర్లోనే ఉంది. ఫాల్గుణమాసంలో స్వామి కల్యాణానికీ తీర్థానికీ గోకవరం, రాజానగరం, జగ్గంపేట వైపునుంచే కాక ఎక్కడెక్కడినుంచో జనం వస్తారు. మా అత్తగారి రోజుల్లో ఇల్లంతా చుట్టాలే. వరండాలో చాపలు, పెరట్లో గుండిగలు. ఎవరి దగ్గరా పైసా తీసుకోవాలన్న ఊహే ఉండేది కాదు. ఇప్పుడు చుట్టాలు పొద్దున కారులో వచ్చి, దర్శనం చేసుకుని, సాయంత్రానికి వెళ్ళిపోతున్నారు. మేడ ఖాళీగా ఉంటోందని, కొండకి వచ్చే కుటుంబాలకి రెండుమూడు రోజుల లెక్కన అద్దెకిస్తున్నాను. ఈమధ్య తుని వైపునుంచి ఒక పెద్దకుటుంబం అడిగారు. ఇంటి పెద్దాయనకి డెబ్బై నిండుతున్నాయట, భీమరథశాంతి చేసుకుని స్వామి దర్శనం చేసుకుంటారట. ముసలివాళ్ళు, చంటిపిల్లలు, వంటవాళ్ళు కలిపి నలభైమంది దాకా వస్తామన్నారు. పెరట్లో గాడిపొయ్యి తవ్వుకుంటామని, డాబా మీద షామియానా వేసుకుంటామని అడిగారు. సరేనన్నాను. లయబిలిటీ పాలసీ ఒకటి తీసుకుంటున్నానని, దాని ప్రీమియం కూడా చూసుకునే అద్దె చెబుతున్నానని వాళ్ళతో అంటుండగా, అరుగు మీద కూర్చున్న ఆచార్యులుగారు విన్నారు.

“కొండమీద ఆయన ఉన్నాడు కదమ్మా! భారం ఆయన మీద వేశాక మళ్ళీ కంపెనీ మీద వేయడమేమిటి? ఇది నమ్మకం చాలకపోవడం కాదూ?”

ఆ పాలసీ ఏమిటో ముందు చెప్పాలి. చాలామంది దీన్ని ఇంటి ఇన్సూరెన్స్ అనుకుంటారు. ఇంటి ఇన్సూరెన్స్ వేరు. 2021 ఏప్రిల్ నుంచి మన దేశంలో ఇళ్ళకి భారత్ గృహ రక్ష అన్న పాలసీ ఉంది. అగ్గి, వరద, తుపాను, భూకంపం వల్ల నా ఇంటికో సామానుకో నష్టం వస్తే ఆ డబ్బు నాకిస్తారు. లయబిలిటీ పాలసీ అలా కాదు. నా ఇంట్లో దిగిన మనిషికి నా అశ్రద్ధ వల్ల కాలు విరిగినా, ఒళ్ళు కాలినా, ప్రాణమే పోయినా, చట్టప్రకారం నేను ఇచ్చుకోవలసిన పరిహారాన్ని కంపెనీ నా తరఫున ఆ మనిషికి ఇస్తుంది. అందులో ఒక్క రూపాయి నా చేతికి రాదు. హోటళ్ళకీ సినిమాహాళ్ళకీ స్కూళ్ళకీ ఇచ్చే పబ్లిక్ లయబిలిటీ పాలసీ ఈ జాతిదే. పెళ్ళిళ్ళకిచ్చే ఈవెంట్ పాలసీలో ఇదొక భాగంగా ఉంటుంది, ఇంటివాళ్ళ ప్యాకేజీ పాలసీలో ఒక సెక్షన్‌గా ఉంటుంది. ఒక్క ప్రమాదానికి ఇంతవరకు, ఏడాది మొత్తానికి ఇంతవరకు అని రెండు హద్దులు రాస్తారు. ఇల్లు గుంపులకి అద్దెకిస్తున్న సంగతి ప్రపోజల్ ఫారంలో దాచకుండా చెప్పాలి. దాచిపెట్టి తీసుకున్న పాలసీ అవసరానికి అక్కరకి రాదు. ఇంటివాళ్ళ సొంత మనుషులకీ పనివాళ్ళకీ జరిగిన హానిని ఈ పాలసీలు మామూలుగా మినహాయిస్తాయి, పనివాళ్ళకి వేరే పాలసీ ఉంది.

మా చిన్నమ్మాయి వాళ్ళు టెక్సాస్‌లో ఉంటారు. మనవాళ్ళు అక్కడ ఉగాదికి హాలు తీసుకోవాలన్నా, బతుకమ్మకి పార్కులో చోటు అడగాలన్నా చాలాచోట్ల ముందు ఇన్సూరెన్స్ సర్టిఫికెట్ చూపించమంటారు. ఎయిర్‌బీఎన్‌బీలో ఇల్లు అద్దెకి పెట్టినవాళ్ళకి ఆ కంపెనీయే పదిలక్షల డాలర్ల వరకు ఇలాంటి రక్షణ కల్పిస్తోంది. వాళ్ళకది నిత్యకృత్యం కాబట్టి ప్రశ్నించుకునే పని లేదు. మనకి కొత్త, పైగా పక్కనే కొండమీద దేవుడున్నాడు. ప్రశ్న రావడం మంచిదే.

శ్రీవైష్ణవంలో భారం వేయడమంటే ఊరికే అనే మాట కాదు. 14వ శతాబ్దంలో ముమ్మడి నాయకుడు కోరుకొండ రాజధానిగా ఏలిన నాటినుంచీ ఈ ఊళ్ళో వేళ్ళూనిన సంప్రదాయం అది. దాని మీద శాస్త్రముంది, వాదముంది. పిల్లి తన కూనని నోట కరుచుకుని తీసుకుపోయినట్టు స్వామే అన్నీ చూసుకుంటాడని పిళ్ళై లోకాచార్యుల వైపువాళ్ళంటారు. కోతిపిల్ల తల్లిని గట్టిగా పట్టుకున్నట్టు జీవుడు కూడా తన వంతు పట్టు పట్టాలని వేదాంతదేశికుల వైపువాళ్ళంటారు. ఆచార్యులుగారిది మొదటి పక్షం. నా జవాబుకి ఏ పక్షమైనా ఒకటే. ఎందుకంటే, న్యాసదశకంలో దేశికులు స్వామికి అప్పగించేది తన ఆత్మని, తన రక్షణభారాన్ని, ఆ రక్షణ వల్ల కలిగే ఫలాన్ని. అప్పగించేదంతా తనకి సంబంధించినదే, ఇంకొకరిది కాదు.

నా భారం స్వామి మీద వేసే హక్కు నాకుంది. నా ఇల్లు కాలిపోతే, నాకు జబ్బు చేస్తే, అంతా ఆయనదేనని చేతులు జోడించి ఊరుకోవచ్చు. అలా ఊరుకోగలిగినవాళ్ళని చూశాను, వాళ్ళకి దండం పెడతాను. కానీ తునినుంచి వచ్చే ఆ నలభైమంది భారం నాది కాదు, నేను తీసుకున్నది. అడ్వాన్సు పుచ్చుకుని తీసుకున్నది. వాళ్ళని అడగకుండా దాన్ని ఇంకొకరి మీద, ఆ ఇంకొకరు సాక్షాత్తూ లక్ష్మీనరసింహుడే అయినా, పెట్టేసి నేను తప్పుకోవడం ఎలా కుదురుతుంది?

ఆచార్యులుగారు ఒప్పుకోలేదు. “శిష్యుడి తరఫున ఆచార్యుడు భరన్యాసం చేయడం లేదా అమ్మా?” అన్నారు. భరన్యాసమంటే భారాన్ని స్వామికి అప్పగించడం. శిష్యుడి కోసం అలా చేయడం ఉంది, నిజమే. అయితే శిష్యుడు వచ్చి కాళ్ళమీద పడి అడిగితే చేస్తారు, మోక్షం కోసం చేస్తారు. మెట్లకి చెయ్యిపట్టు లేని లోటు పూడ్చడానికి ఎవరూ భరన్యాసం చేయరు. ఆ మాటే వినయంగా అన్నాను. ఆయన కాసేపు ఆలోచించి, “అది సరే. మరి కంపెనీ మీద మాత్రం ఎలా వేస్తావు?” అన్నారు. ఇది ఇంకా గట్టి ప్రశ్న. దీనికోసమే ఈ వ్యాసమంతా.

దీని జవాబు అప్పు దగ్గర మొదలవుతుంది. మనిషి పుట్టుకతోనే అప్పులతో పుడతాడని శతపథ బ్రాహ్మణం చెబుతుంది. దేవతలకి, ఋషులకి, పితృదేవతలకి ఉన్న మూడు ఋణాలు అందరూ చెప్పేవే. ఆ గ్రంథం నాలుగోది కూడా చెప్పింది: మనుషులకి ఉన్న ఋణం. అది తీరే దారి కూడా చెప్పింది. మనుషులకి ఉండడానికి చోటివ్వాలి, తినడానికి అన్నం పెట్టాలి. యజ్ఞాలూ వేదాధ్యయనమూ సంతానమూ చెప్పిన వరసలోనే పక్క పరిచి పడుకోబెట్టడం కూడా ఉంది. లంకల గన్నవరంలో డొక్కా సీతమ్మగారు వేళాపాళా చూడకుండా పొయ్యి వెలిగించి తీర్చింది ఈ ఋణాన్నే. నేను అద్దె తీసుకుంటున్నాను కాబట్టి ఆవిడ పక్కన నిలబడే అర్హత నాకు లేదు. కానీ అద్దె తీసుకున్నంత మాత్రాన నా ఋణం తగ్గుతుందా? పెరుగుతుంది. ఊరికే దిగిన చుట్టం నూతి దగ్గర జాగ్రత్త తనే పడతాడు, ఆ ఇల్లు అతనికి చిన్నప్పటినుంచీ తెలుసు. డబ్బిచ్చి దిగినవాడికి ఏ మెట్టు ఊగుతుందో, ఏ స్విచ్చు షాక్ కొడుతుందో తెలియదు. తెలిసింది నాకొక్కదానికే.

అతనికి నావల్ల దెబ్బ తగిలితే నేను అతనికి బాకీపడతాను. ఇది దయ కాదు, దానం కాదు, బాకీ. మనవాళ్ళలో ఈ తేడా చెరిగిపోయిందని నా బాధ. 2015 జులై 14న, గోదావరి పుష్కరాల మొదటిరోజు, రాజమండ్రి పుష్కరఘాట్ దగ్గర తొక్కిసలాటలో 27 మంది పోయారు. 2019 సెప్టెంబర్ 15న దేవీపట్నం దగ్గర కచ్చులూరులో పాపికొండల యాత్రకి బయల్దేరిన బోటు మునిగింది. అందులో ఉన్న 77 మందిలో ఒడ్డున పడ్డవాళ్ళు 26 మంది. వరంగల్ దగ్గర కడిపికొండ నుంచి ఒక ఊరివాళ్ళే గుంపుగా వచ్చారు ఆ బోటులో. ధర్మాడి సత్యం బృందం ఆ బోటుని నదిలోంచి పైకి లాగేసరికి అక్టోబర్ 22 వచ్చింది. రెండుసార్లూ ప్రభుత్వం ఎక్స్‌గ్రేషియా ప్రకటించింది. ఆ డబ్బు ఆ కుటుంబాలకి ఊతమిచ్చింది, కాదనను. కానీ ఎక్స్‌గ్రేషియా అంటే ప్రభుత్వం దయతలచి ఇచ్చేది. ఎవరు బాకీపడ్డారన్న ప్రశ్న దానితో తేలదు. బాకీ ఉన్నవాడు చెల్లించినప్పుడు, పుచ్చుకునేవాడు తలవంచనక్కర్లేదు. పోయిన మనిషి విలువని ఎవరూ కట్టలేరు, నిజమే. కనీసం ఆ మనిషి ఇంటివాళ్ళు పరిహారం కోసం ఎవరి గుమ్మం ముందూ దోసిలి పట్టకుండా ఉండాలి.

ఇక్కడికొచ్చేసరికి నాకు ఎప్పుడూ ఆదిపర్వం గుర్తుకొస్తుంది. నన్నయగారు రాజరాజనరేంద్రుడి కోసం మన రాజమహేంద్రవరంలోనే దాన్ని తెనిగించారు. వారణావతంలో లక్క ఇంటి కథ అందరికీ తెలుసు. పాండవులు బయటపడ్డారన్నది తెలుసు. ఆ ఇంట్లో కాలిపోయినవాళ్ళ సంగతి ఎంతమందికి పట్టింది? ఆ రాత్రి కుంతీదేవి సంతర్పణ చేసింది. ఒక నిషాదస్త్రీ అయిదుగురు కొడుకులతో వచ్చింది. తిన్నారు, తాగారు, అక్కడే ఒళ్ళెరగకుండా పడుకున్నారు. భీముడు ఇంటికి నిప్పంటించాడు. తల్లినీ తమ్ముళ్ళనీ అన్ననీ సొరంగంలోంచి దాటించాడు. తెల్లారి ఊరివాళ్ళు ఆరు శవాలని చూసి కుంతీ పాండవులే అనుకుని గుండెలు బాదుకున్నారు. హస్తినలో ధృతరాష్ట్రుడు పాండవుల పేరనే తర్పణాలు విడిచాడు. ఆ తల్లికి పేరు లేదు. ఆమె పేరన ఒక్క చుక్క నీళ్ళు కూడా పడలేదు.

వాళ్ళు అతిథులు. ఆ ఇంటి అన్నం తిని ఆ కప్పు కింద పడుకున్నవాళ్ళు. ఆ ఇల్లు ఎంత తొందరగా అంటుకుంటుందో ఆ ఇంట్లో దిగిన అయిదుగురన్నదమ్ములకీ తెలుసు, విదురుడు ముందే హెచ్చరించాడు. తెలియనిది నిద్రపోయిన ఆ ఆరుగురికే. శాంతిపర్వంలో భీష్ముణ్ణి ఎన్నో ధర్మసందేహాలు అడిగిన ధర్మరాజు ఈ సంగతి ఎత్తలేదు. బెంగాలీ రచయిత్రి మహాశ్వేతాదేవి ఎత్తారు. ‘కుంతి, నిషాది’ కథలో, ముసలితనంలో అడవికి చేరిన కుంతిని ఒక నిషాదస్త్రీ నిలదీస్తుంది. కర్ణుడి విషయంలో చేసిన పాపమే కుంతికి మనసులో మెదులుతోంది. కాలిపోయిన ఆ ఆరుగురూ జ్ఞాపకం కూడా లేరు. కుంతి కన్నా నేను మెరుగని చెప్పుకోవడానికి కాదు ఇదంతా. నాలుగు డబ్బుల కోసమో పుణ్యం కోసమో పదిమందిని ఇంట్లో పడుకోబెట్టే ప్రతి మనిషీ ఆ కథలో తన చోటెక్కడో చూసుకోవాలి. వచ్చినవాళ్ళకి తెలియని ప్రమాదం నాకు తెలిసి ఉండడమే నా మీదున్న బాధ్యత.

కర్మసిద్ధాంతం గురించి కూడా ఒకమాట చెప్పాలి. మన గోదావరి జిల్లాల్లోనే ఒక ఫంక్షన్ హాల్లో, పెళ్ళికి వచ్చిన పిల్లాడొకడు చెయ్యిపట్టు లేని మెట్లమీంచి పడి చనిపోయాడు. హాలు ఓనరు “వాడి ఆయుష్షు అంతే” అన్నాడు. తండ్రి “మా రాత ఇంతే” అన్నాడు. వినడానికి రెండూ ఒకేలా ఉంటాయి. తండ్రి అన్నది దుఃఖాన్ని మోయడానికి, అందులో ఒక తపస్సు ఉంది. ఓనరు అన్నది తప్పించుకోవడానికి. దెబ్బ తిన్నవాడు తన కర్మ అనుకోవచ్చు, కొట్టినవాడికి ఆ మాట అనే అధికారం లేదు. ఆ హాలుకి లయబిలిటీ పాలసీ ఉంది. ఓనరు రెన్యువల్‌కి మా ఆఫీసుకి వచ్చినప్పుడు మాటల్లో ఆ చావు సంగతి బయటపడింది. పాలసీ ఉన్నట్టు తండ్రికి ఎవరూ చెప్పలేదు. దెబ్బ తిన్నవాళ్ళు అడిగితేనే కదా ఈ పాలసీలో క్లెయిము పుట్టేది! ఆయన అడగలేదు, కంపెనీ ఇవ్వలేదు, ఓనరు ప్రీమియం కట్టి రసీదు జేబులో పెట్టుకుని వెళ్ళిపోయాడు.

అందుకని, పాలసీ తీసుకోవడంతో ధర్మం సగం కూడా తీరదంటాను. అది ఉందని దిగినవాళ్ళకి చెప్పాలి. మా మేడలో మెట్ల దగ్గర గోడకి కాగితం అంటించాను: ఇంటికి లయబిలిటీ పాలసీ ఉంది, ఈ ఇంట్లో లోపం వల్ల మీకు ఏదైనా జరిగితే ఈ నంబరు రాసుకోండి అని. మా మరిది చూసి, “వదినా, కొరివితో తలగోక్కున్నట్టుంది. లేనిపోని క్లెయిములు పెడతారు” అన్నాడు. పెట్టేవాళ్ళుంటే పెట్టనీ, సర్వేయరు వచ్చి చూస్తాడు. న్యాయంగా రావలసినవాడికి తెలియక పోవడం కన్నా అది చిన్న కష్టం.

కొందరు ఇంకొకలాంటి కాగితం అంటిస్తారు. ‘ఏం జరిగినా యాజమాన్యానికి బాధ్యత లేదు.’ లాడ్జీల్లో, పార్కింగుల దగ్గర అందరం చూసిందే. ఆ బోర్డుకి ఎంత బలముందో 2019 నవంబర్‌లో సుప్రీంకోర్టు చెప్పింది. 1998లో ఢిల్లీలో ఒక పెద్ద హోటల్‌కి వచ్చిన అతిథి కారు తాళాలు హోటల్ మనిషికిచ్చి లోపలికెళ్ళాడు. తిరిగొచ్చేసరికి కారు లేదు. చీటీ మీద ‘ఓనరు రిస్కు’ అని రాసి ఉందని హోటలువాళ్ళు వాదించారు. తన మనుషుల అశ్రద్ధ ఉన్నప్పుడు ఆ చీటీ హోటల్‌ని కాపాడదని కోర్టు తేల్చింది. ఆ కేసు నడిపింది కారు ఇన్సూరెన్స్ కంపెనీ. ఓనరుకి ముందు డబ్బిచ్చేసి, ఆ తర్వాత ఓనరు స్థానంలో నిలబడి హోటల్‌ని అడిగింది. అప్పు మాఫీ కాదు, చేతులు మారుతుంది. ఇన్సూరెన్స్‌లో నాకు బాగా నచ్చిన సూత్రం అది.

మన పాతవాళ్ళు ఈ విషయంలో ఏమాత్రం అమాయకులు కారు. యాజ్ఞవల్క్యస్మృతి ఇలా విధించింది: దాచమని ఇచ్చిన సొమ్ము రాజు వల్లనో దైవికంగానో దొంగల వల్లనో పోతే, పుచ్చుకున్నవాడు తిరిగివ్వక్కర్లేదు. కానీ సొంతదారు వచ్చి అడిగాక కూడా ఇవ్వకుండా ఉంచుకున్నప్పుడు పోతే, సొమ్ము విలువా ఇవ్వాలి, అంత దండుగా కట్టాలి. ఆ స్మృతికి విజ్ఞానేశ్వరుడు మితాక్షర అన్న వ్యాఖ్య రాస్తే, 13వ శతాబ్దంలో కేతన దాన్ని తెలుగులోకి తెచ్చాడు. దైవం మీద నెపం పెట్టడానికి గడువుంది. హెచ్చరిక వచ్చేదాకానే ఆ గడువు. కరెంటు మోటారు ముట్టుకుంటే జివ్వుమంటోందని పనమ్మాయి చెప్పింది మొదలు, అది దైవికం కాదు, నా చేతిపని.

ఇంకా దూరం వెళ్ళిన మాట కూడా మన పురాణాల్లో ఉంది. నృగమహారాజు తెలియక ఒకరి ఆవుని ఇంకొకరికి దానం చేశాడు. ఆవు తనంత తాను వచ్చి మందలో కలిసింది, ఆయన తప్పేమీ లేదు. అయినా ఊసరవెల్లి అయి నూతిలో పడున్నాడు, కృష్ణుడు వచ్చి పైకి తీసేదాకా. చిన్నప్పుడు ఈ కథ అన్యాయమనిపించేది. 1986 డిసెంబర్‌లో ఢిల్లీ ఓలియం గ్యాస్ కేసులో జస్టిస్ భగవతి, ప్రమాదకరమైన పని పెట్టుకున్నవాడు తన తప్పు లేదని కూడా తప్పించుకోలేడన్న తీర్పు చెప్పారు. భోపాల్ గ్యాస్ దుర్ఘటన తర్వాత మాట అది. 1991లో పార్లమెంటు పబ్లిక్ లయబిలిటీ ఇన్సూరెన్స్ చట్టం చేసింది, తప్పెవరిదో నిరూపించకుండానే తక్షణ సాయం అందేలా. అది ప్రమాదకర రసాయనాలు వాడేవాళ్ళ కోసం, మా మేడకి వర్తించదు. అయినా నృగుడి నూతిలో న్యాయముందని ఉద్యోగంలో ఉండగా ఆ చట్టం చదివాక అర్థమైంది. ఎక్కువ ఇచ్చేవాడు, ఎక్కువమందిని పోగుచేసేవాడు, తనకి తెలియని పొరపాటుకి కూడా లెక్క చెప్పాలి.

ఇప్పుడు ఆచార్యులుగారి రెండో ప్రశ్న. కంపెనీ మీద మాత్రం ఎలా వేస్తావు? వేయలేను. పాలసీ నా భారాన్ని తీసుకోదు. నాకు తాహతు లేకపోయినా బాకీ తీరేలా చూస్తుంది, అంతే. నా పెన్షనూ ఈ మేడా అమ్మినా, ఒక సంపాదించే మనిషి పోయిన ఇంటికి న్యాయంగా ఇవ్వాల్సింది ఇచ్చుకోలేను. ఇవ్వలేనని తెలిసీ నలభైమందిని పిలవడం, చెల్లుబాటు కాదని తెలిసీ నోటు రాసివ్వడం కన్నా తప్పు. ప్రీమియం కట్టిన వేలమంది కలిసి ఆ నోటుకి చెల్లుబాటు ఇస్తున్నారు. మిగతా భారమంతా నా నెత్తిమీదే ఉంది. పిట్టగోడ ఎత్తు పెంచడం, పెరట్లో నూతికి ఇనప జాలీ వేయించడం, గ్యాసు సిలిండర్లు మెట్ల కింద పెట్టనివ్వకపోవడం, షామియానావాడు అతుకుల వైరు తెస్తే వెనక్కి పంపడం. ఏ కంపెనీ వచ్చి ఈ పనులు చేయదు.

ఒక చిక్కు మాత్రం నన్ను నిజంగా ఇబ్బంది పెడుతుంది. దాదాపు ప్రతి లయబిలిటీ పాలసీలోనూ ఒక షరతుంటుంది: కంపెనీ రాతపూర్వకంగా ఒప్పుకోకుండా, బాధ్యత నాదేనని నువ్వు ఒప్పుకోకూడదు, ఇంత ఇస్తానని మాటివ్వకూడదు. ధర్మం తప్పు ఒప్పుకోమంటుంది. ప్రాయశ్చిత్తానికి మొదటి మెట్టే అది. పాలసీ నోరు కట్టుకోమంటుంది. ఈ షరతు అడ్డుపెట్టుకుని, ఆసుపత్రికి కూడా వెళ్ళి చూడని యజమానులని చూశాను. అలాంటివాళ్ళకి గట్టిగా చెప్పేదాన్ని, ఇప్పుడూ చెబుతున్నాను. బాకీ ఎంత, ఎవరిది అన్న లెక్క తేల్చకూడదని మాత్రమే ఆ షరతు. అంబులెన్స్‌కి ఫోన్ చేయొద్దని, ఆసుపత్రిలో పక్కన కూర్చోవద్దని, ఇంటికెళ్ళి పరామర్శించవద్దని, కన్నీళ్ళు పెట్టుకోవద్దని అందులో లేదు. పిట్టగోడ విరిగి ఉన్నమాట సర్వేయరుకీ పోలీసులకీ దాచమని అంతకన్నా లేదు. అబద్ధం చెబితే పాలసీయే పోతుంది. డబ్బు లెక్కలో మౌనం, జరిగినదాంట్లో సత్యం, మనిషి దగ్గర దుఃఖం. మూడింటినీ కలపకుండా నిలబడడం కష్టమే, కానీ సాధ్యం. ఆచార్యులుగారికి ఈ భాగం నచ్చలేదు. “సత్యం చెప్పడానికి ఇంకొకరి అనుమతి ఏమిటమ్మా?” అన్నారు. ఆయన అసంతృప్తి న్యాయమైనదే. ఆ షరతు నాకూ పూర్తిగా మింగుడుపడదు.

చివరగా, ఈ పాలసీకి అందనిదేమిటో చెప్పాలి. నా అశ్రద్ధ లేకుండా, నిజంగా దైవికంగా ఏదైనా జరిగితే, కొండ మెట్లెక్కుతుండగా పెద్దాయనకి గుండె ఆగితే, పిడుగు పడితే, లయబిలిటీ పాలసీ పైసా ఇవ్వదు. బాకీ లేనిచోట చెల్లింపు లేదు. పిడుగులాంటి ప్రమాదాలకి వచ్చేవాళ్ళే తమ ఏర్పాటు తాము చేసుకోవాలి. ప్రధానమంత్రి సురక్షా బీమా యోజన 2015లో మొదలైంది. ఇప్పుడు ఏడాదికి 20 రూపాయలు, బ్యాంకు ఖాతాలోంచే పోతుంది. ప్రమాదంలో మనిషి పోతే రెండు లక్షలు వస్తాయి. 18 ఏళ్ళనుంచి 70 ఏళ్ళ వరకే ఇస్తారు, పిల్లలకి లేదు. గుండె ఆగడం దానికి కూడా అందదు, అది ప్రమాదం కాదు కాబట్టి. తునివాళ్ళ పెద్దకొడుక్కి ఫోన్ చేసి ఇదంతా చెబితే మొదట ఇబ్బందిపడ్డాడు. “శుభమా అని వస్తుంటే ఈ మాటలేంటండీ అమ్మగారూ?” అన్నాడు. తర్వాత తనే ఫోన్ చేసి, వచ్చేవాళ్ళలో ఎవరికి ఆ బీమా ఉందో ఎవరికి లేదో అడిగి లిస్టు రాసుకున్నానన్నాడు.

2027లో మళ్ళీ గోదావరి పుష్కరాలు. రాజమండ్రిలో గది దొరకనివాళ్ళు కోరుకొండ వరకు వస్తారు, ఇప్పటినుంచే అడుగుతున్నారు. ఇల్లు ఇచ్చేవాళ్ళకి నాదొక విన్నపం. రేటు మాట్లాడేముందు డాబా ఎక్కి పిట్టగోడ ఎంతెత్తుందో చూడండి. నూతిమీద మూత వేయించండి. ఎలక్ట్రీషియన్ని పిలిచి ఎర్తింగ్ చూపించండి. తర్వాత రాజమండ్రిలో ఏ జనరల్ ఇన్సూరెన్స్ ఆఫీసుకైనా వెళ్ళి, పుష్కరాల రోజులకి ఇల్లు గుంపులకి అద్దెకిస్తున్నానని ఉన్నదున్నట్టు చెప్పి, పబ్లిక్ లయబిలిటీ పాలసీ అడగండి. ఒక్క ప్రమాదానికి హద్దు ఎంత రాశారో మీ కళ్ళతో చదవండి. ఆ కాగితం జిరాక్స్ ఒకటి దిగేవాళ్ళ చేతికివ్వండి. అద్దెకి తీసుకునేవాళ్ళు కూడా మొహమాటపడకుండా ఆ కాగితం అడగండి.